అంటని మచ్చకు అంటు వైద్యము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఒంటిపై తెల్లమచ్చ కన్పించినచో కుదిరిన పెండ్లి సంబంధము తప్పిపోవుట మనము ఎరిగినదే. ఉర్దూలో 'బరస్' అనెడి ఈ బొల్లి కుష్ఠు కాదు. అంటువ్యాధి అసలే కాదు. శరీర రక్షణశక్తి పొరబడి, చర్మమునకు రంగునిచ్చు కణములను నశింపజేయుటయే సాధారణముగా దీనికి కారణము.

లేపనములకు, కాంతిచికిత్సకు లొంగని మచ్చలకు శస్త్రచికిత్స కలదు. మామిడికి అంటు కట్టినట్లు, రోగి తొడనుండి ఆతని చర్మమునే తీసి మచ్చగల చోట అతికింతురు. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల బిళ్లలుగా నాటుట ఒక పద్ధతి. బొబ్బ లేపి దాని పైపొరను వాడుట మరొకటి. 1992లో ఫ్రెంచి పరిశోధకులు గోతియే, సుర్లేవ్-బజెయ్ చర్మకణములను విడదీసి ద్రవముతో కలిపి మచ్చలో నింపు విధానమును ప్రకటించిరి. ఈ మార్గమున చిన్న ముక్కతో పలు రెట్లు పెద్ద మచ్చను కప్పవచ్చును.

అయితే మచ్చ కనీసము ఒక సంవత్సరము పెరగక నిలిచియుండవలెను. లేనిచో అతికించిన చర్మమును తెల్లబడవచ్చును. చర్మము తీసిన చోటను క్రొత్త మచ్చ పుట్టవచ్చును. రంగు వ్యాపించుటకు నెలలు పట్టును. కావున ముహూర్తమునకై తొందరపడి శస్త్రచికిత్సకు పోరాదు.

చర్మమునకు అంటు కట్టుట వైద్యుని పని; ఇది అంటదని ఇంటింట చెప్పుట విద్యార్థులమైన మన పని.