కందకుర్తి నుంచి అంతర్వేది దాకా: సముద్రం చూడబోయే మనవడికి

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది బోధన్ పక్కన, రెంజల్ మండలం కందకుర్తి దగ్గర. మంజీర, హరిద్ర అక్కడే దానిలో కలుస్తాయి. ఆ నది చివరి పాయల్లో ఒకటైన వశిష్ఠ, కోనసీమ కొసన అంతర్వేది దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. నిజామాబాద్ వైపు పిల్లలకు సముద్రం అనగానే గోవా, విశాఖ తడతాయి. వాటికి పోవడం తప్పేమీ కాదు. అయినా ఇంటి పక్కనుంచి పోయే నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసి రావడం కన్నా మంచి మొదటి ప్రయాణం ఈ ప్రాంతపు మనిషికి లేదు. అందుకే మనవడి ప్రయాణానికి కోనసీమనే ఎంచి ఈ లేఖ రాయడం.

కోనసీమకూ బోధన్‌కూ నది ఒక్కటే కాదు, మనుషుల బంధం కూడా ఉంది. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. కాలువల్లో నీళ్లు పారడం మొదలయ్యాక కృష్ణా, గోదావరి జిల్లాల రైతు కుటుంబాలు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి వైపు భూములు కొని స్థిరపడ్డాయి. వాళ్ల ఊళ్లకే క్యాంపులని పేరు. కాలువ కింద సేద్యం వాళ్లకు ధవళేశ్వరం ఆనకట్ట నేర్పిన చదువు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి, చెరకు ఈ నేలకు పేరు తెచ్చింది. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడినా దాని పక్కన వెలసిన శక్కర్‌నగర్ పేరు, క్యాంపుల్లో కోస్తా యాస ఇప్పటికీ ఉన్నాయి. కోనసీమకు వెళ్లే బోధన్ కుర్రవాడు పరాయి చోటికి వెళ్తున్నాననుకోనక్కర లేదు.

ప్రయాణానికి ముందు ఒక ఉదయం కందకుర్తికి వెళ్లి నదిని చూడాలి. జనవరిలో అక్కడ నీటికన్నా ఇసుక మేటలే ఎక్కువ కనిపిస్తాయి. అదే వారంలో ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ వెనక నీళ్లు నిండుగా ఉంటాయి. మధ్యలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలవడమే ఇందుకు కారణం. ఈ తేడాను కళ్లారా చూసినవాడికి గోదావరి గురించి పుస్తకం విడిగా చదవాల్సిన పని సగం తగ్గుతుంది.

కాలం ఎంచుకోవడంలో తప్పు చేస్తే తక్కినదంతా చెడుతుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరదలు. నది మధ్య లంకలు మునుగుతాయి, రేవు దాటించే పంట్లు ఆగిపోతాయి. అక్టోబర్, నవంబర్ తుపానుల నెలలు. 1996 నవంబర్ 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చింది, వందల ప్రాణాలు తీసింది. వేసవిలో నిజామాబాద్ ఎండ పొడి ఎండ, అక్కడిది ఉక్కపోత. అలవాటు లేని ఒళ్లు తట్టుకోలేదు. డిసెంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి రోజులు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. స్నానం కోసం అయితే కందకుర్తి చాలు. ఊళ్లు చూడటానికి ఆ పన్నెండు రోజులు పనికిరావు.

మంచి రోజుల్లోనూ కనుమ పండుగకు అక్కడ ఉండగలిగితే అంతకన్నా కావలసింది లేదు. ఆ రోజు అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులను ప్రభలనే ఎత్తైన అలంకృత చట్రాల మీద కూర్చోబెట్టి, భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు పచ్చని వరిచేల మీదుగా వచ్చి, కౌశిక కాలువలో దిగి దాటుతాయి. కింద మోసేవాళ్లు మెడలోతు నీళ్లలో ఉంటారు, పైన రంగు గుడ్డల ప్రభ ఊగుతూ పోతుంది. తన చేను తొక్కిపోయిందని ఏ రైతూ బాధపడడు. దేవుడు నడిచిన చేనని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. అదే రోజుల్లో పల్లెల్లో కోడిపందాల బరులు కూడా వెలుస్తాయి. చట్టం వద్దన్న పని అది, జేబు ఖాళీ చేసే పని. వాటి దరికి పోకూడదు.

దారి విషయంలో ఒక పద్ధతి పాటించాలి. పోయేటప్పుడు నదితోపాటు కిందికి పోవాలి, సముద్రం చివర రావాలి. నిజామాబాద్ నుంచి సికింద్రాబాద్ చేరి, రాత్రి బండిలో రాజమహేంద్రవరం దిగడం మేలు. గోదావరి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లు రెండూ ఆ దారివే. తిరుగు ప్రయాణం నర్సాపురం నుంచి. నర్సాపూర్–నాగర్‌సోల్ ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్ మీదుగా పోయే రోజున ఎక్కితే ఎక్కడా మారే పని లేదు. నాగర్‌సోల్ ఉన్నది నాసిక్ జిల్లాలో, గోదావరి పుట్టిన త్ర్యంబకం కూడా అదే జిల్లాలో. ఏ రోజు బండి ఏ దారిన పోతుందో టికెట్ తీసేటప్పుడే చూసుకోవాలి.

మొత్తం ఐదు రోజులు చాలు. రాజమహేంద్రవరంలో ఒక పూట పాత హేవలాక్ వంతెనకు, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి కేటాయించి, మధ్యాహ్నానికి ధవళేశ్వరం చేరాలి. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇప్పుడు కనిపించే బ్యారేజీ 1982 నాటిది. అక్కడి కాటన్ మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు ఉన్నాయి. నిజాంసాగర్ నీళ్లు తాగి పెరిగినవాడు ఆ గదుల్లో గంటసేపు నిలబడటం అవసరం. ఇక్కడ నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య ముక్కోణమే కోనసీమ.

రెండో రోజు ఆత్రేయపురం, ర్యాలి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాతిలో ముందు విష్ణువు, వెనక మోహిని. వెనక్కి వెళ్లి చూడకుండా రాకూడదు. ఆత్రేయపురంలో పూతరేకులు కొని తినడం కాదు, చేయడం చూడాలి. బోర్లించిన కుండ లోపల ఎండు కొబ్బరాకు మంట. పాలలాంటి బియ్యప్పిండి నీళ్లలో పల్చటి గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి లాగుతుంది రేకులు తీసే ఆవిడ. గుడ్డ దాటేలోపే రేకు ఆరిపోతుంది. చేత్తో ఎత్తితే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. దానిమీద నెయ్యి చిలకరించి, చక్కెర పొడి పరిచి మడుస్తుంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెరకు పండించిన జిల్లావాడు చక్కెరకు దక్కిన ఈ గౌరవాన్ని దగ్గరనుంచి చూడటం బాగుంటుంది.

మూడో రోజు ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటైన ఈ భీమేశ్వరాలయం తూర్పు చాళుక్యుల నాటిది, కట్టించినవాడు చాళుక్య భీముడు. లింగం రెండంతస్తుల ఎత్తు. మెట్లెక్కి పై అంతస్తులో పూజ చేస్తారు. కింది అంతస్తు చీకటి ప్రదక్షిణ దారి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో చెప్పింది ఈ క్షేత్ర మహిమే. స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. వాటిని చదవడం రాకపోయినా, వెయ్యేళ్లనాటి తెలుగు అక్షరం మీద చూపు ఆనించి కాసేపు నిలబడటం మంచిది. అక్కడినుంచి కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం. సాయంత్రానికి అమలాపురంలో బస. యానాం, కోరంగి మడ అడవులు కూడా చూద్దామన్న ఆశ పుడుతుంది. ఐదు రోజుల్లో అది కుదరదు, ఇంకో ప్రయాణానికి ఉంచుకోవాలి.

నాలుగో రోజు కనుమ అయితే జగ్గన్నతోటకే చెందుతుంది. కాకపోతే మామిడికుదురు మండలం ఆదుర్రు వెళ్లాలి. గోదావరి పాయ వైనతేయ ఒడ్డున అక్కడ ఇటుక బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. బౌద్ధ గ్రంథాల్లోని అస్సక జనపదానికి రాజధాని పోతన. ఆ పోతనే నేటి బోధన్ అని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. నది ఆ కొసన, ఈ కొసన ఒకే ధర్మం నిలిచిందని తెలిసినవాడికి ఆదుర్రు ఉత్త ఇటుకల గుట్టగా కనిపించదు.

ఐదో రోజు అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం పొద్దున్నే ముగించుకుని, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాలి. ఒక పక్క బురద రంగు వశిష్ఠ, ఒక పక్క పచ్చటి కెరటం, మధ్యలో ఇసుక. పోటు వచ్చినప్పుడు ఆ ఇసుక మునుగుతుంది, కాళ్ల కింద నేల జారుతుంది. స్నానం గుడి దగ్గరివాళ్లు చూపించిన చోటే, మోకాలి లోతు దాటకుండా చేయాలి. నిజాంసాగర్ కాలువలో వచ్చిన ఈత సముద్రంలో సాయపడదు. పడవ ఏదెక్కినా లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి. 2019 సెప్టెంబర్ 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఎవరూ మరిచిపోకూడదు.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నర్సాపురం. అక్కడి ఆడవాళ్లు కొక్కెంతో అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంట్లోవాళ్లకు ఏదైనా తేవాలనిపిస్తే అదే తేవాలి.

సంక్రాంతికి కోస్తా వైపు బండ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు. కనుమనాటికి అమలాపురంలో ఉండాలంటే నవంబర్ రెండో వారంలోనే పోయే టికెట్, దాని వెనకే తిరుగు టికెట్ తీయించుకోవాలి, ఆలస్యం చేయొద్దు బిడ్డా.