అంగన్‌వాడీ ఫోన్‌లో లెక్కలు చదవగలరా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో డిగ్రీ పూర్తిచేసి డీఎస్సీ టీచరు ఉద్యోగాల కోసం ఎదురుచూసే అమ్మాయిల్లో చాలామందికి ఆరేళ్లలోపు పిల్లల బడి అంటే చిన్నచూపు. పాటలు పాడించి గుడ్డు పెట్టడమే కదా అంటారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. పసిబిడ్డ ఎదుగుదలను కనిపెట్టి, సమయానికి నిర్ణయం తీసుకునే కొలువది.

2021లో కేంద్రం తెచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల హాజరు, ఎత్తు, బరువు నమోదు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మూడేళ్లు నిండిన ఆడపిల్ల మధ్యస్థ బరువు 13.9 కిలోలు. 10.8 కన్నా తగ్గితే తక్కువ బరువు ఉన్నట్టు. ఇంతవరకే యాప్ చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. విరేచనాలు పట్టుకున్నాయా? తల్లి పొద్దున్నే కూలికి పోతే పాపకు పూట తిండి తప్పుతోందా? అసలు తూకం మిషన్ సున్నా దగ్గర నిలిచిందా? ఎత్తు విషయంలో ఇంకో చిక్కు. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, ఆపైన నిలబెట్టి కొలవాలి. పద్ధతి మారితే అదే బిడ్డకు సుమారు 0.7 సెంటీమీటర్లు తేడా వస్తుంది. అందుకే మళ్లీ తూచి, మళ్లీ కొలిచి, అప్పటికీ తక్కువే ఉంటే ఇంటికెళ్లి మాట్లాడాలి, ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎంకు చూపించాలి. సూపర్‌వైజర్‌కైతే ఇలాంటి కేంద్రాలు చాలా ఉంటాయి. ఒకచోట పిల్లలందరి బరువూ నెలల తరబడి కదలకుండా ఉంటే, ముందు వెళ్లాల్సింది అక్కడికే.

ప్రైవేటు ఎల్‌కేజీ, యూకేజీ బడులకూ ఈ చూపు కావాలి. ఎక్సెల్‌లో హాజరును వారాలవారీగా, వ్యాన్ రూటువారీగా వేసి చూడండి. గైర్హాజరంతా ఒకే రూటు పిల్లలదైతే, తల్లిదండ్రులను నిందించే ముందు వ్యాన్ వేళలు మార్చి చూడాలి.

ఇక ఈ కొలువులకు కావాల్సిన చదువు సంగతి. ఇంటర్‌లో 50 శాతం మార్కులున్నవారికి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనల్లో రెండేళ్ల ప్రీస్కూల్ డిప్లొమా ఉంది. గుర్తింపు లేని కోర్సులూ ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) పేరుతో నడుస్తుంటాయి, ఫీజు కట్టేముందు ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు చూసుకోండి. అంగన్‌వాడీ కార్యకర్తగా చేరాలంటే కేంద్రం ఉన్న ఊరివారై ఉండాలి, ఇచ్చేది గౌరవ వేతనం. ఇల్లు గడిచే లెక్క ముందే వేసుకోండి.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని కూడా ఒకసారి చదవండి. పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతిని అది కీలకం చేసింది. బిడ్డ ఫొటో, బరువు వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఎవరు అడిగినా కుదరదని చెప్పండి.