ఓర్చుకోకు, చెప్పు

కాకినాడ

చి.ల.సౌ. బుజ్జికి,

మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. వచ్చే సోమవారం నీకు మొదటి కీమో అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అది గట్టిదక్కా, ఏదైనా ఓర్చుకుంటుంది" అని కూడా అంది. నీ ఓర్పు సంగతి నాకు తెలియనిదా! కానీ కీమో పూర్తయ్యేదాకా ఆ ఓర్పుని పక్కన పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. చాలా ఏళ్లు కీమో వార్డులో సిస్టర్‌గా చేసినదాన్ని కాబట్టి, పెద్దమ్మ మాటగానే కాదు, ఆ వార్డు మాటగా కూడా విను.

అండాశయ క్యాన్సర్ ఆడవాళ్ల ఓర్పుని ఆసరా చేసుకుని ముదిరే జబ్బు. కడుపు ఉబ్బరంగా ఉంటుంది, రెండు ముద్దలు తినగానే నిండినట్టుంటుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగుతాం, బిళ్ల వేసుకుంటాం, పనిలో పడిపోతాం. అందుకే ఎక్కువమందికి మూడో దశకి వచ్చాకే బయటపడుతుంది. నీక్కూడా పొట్టలో నీరు చేరేదాకా తెలియలేదు. అందులో నీ తప్పేం లేదు, తల్లీ. కానీ ఇకమీదట మాత్రం ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా బయటికి చెప్పు. మందు రాసేది డాక్టరమ్మ. ఆ మందు నీ ఒంట్లో ఏం చేస్తోందో తెలిసేది నీకు ఒక్కదానికే.

నీకు ఇవ్వబోయేవి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. 21 రోజులకోసారి ఇస్తారు. మూడు అయ్యాక ఆపరేషన్, తర్వాత మళ్లీ మూడు అని చెప్పారట. మొదటిది ప్లాటినం లోహంతో చేసిన మందు. రెండోది అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే యూ అనే చెట్టు బెరడులో దొరికింది. 1992లో అక్కడ దానికి మొదటి అనుమతి ఇచ్చింది నీ జబ్బుకే. ఈ మందులు త్వరత్వరగా పెరిగే కణాల మీద పడతాయి. క్యాన్సర్ కణాలే కాదు, ఎముక మజ్జలో రక్తకణాలు, నోటి లోపలి పొర, జుట్టు కుదుళ్లు కూడా త్వరగా పెరిగేవే. ఇబ్బందులు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. దాదాపు ప్రతి ఇబ్బందికీ వచ్చే రోజు ఒకటుంటుంది. ఆ రోజులు తెలిసి ఉంటే సగం భయం పోతుంది కాబట్టి వరసగా రాస్తాను.

ముందు, మందు ఎక్కించే రోజు. పాక్లిటాక్సెల్ పడకపోతే మొదటి ఒకటి రెండు సార్లలోనే, అదీ మొదలుపెట్టిన కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అందుకే ముందుగా డెక్సామెథాసోన్, ఎలర్జీ ఇంజెక్షన్ ఇస్తారు. ముందు రోజు రాత్రి వేసుకోమని బిళ్లలిస్తే మర్చిపోకు. మొహం వేడెక్కినా, ఛాతీ పట్టేసినట్టున్నా, నడుం లాగినా, ఊపిరి ఆడకపోయినా ఆ క్షణమే సిస్టర్‌ని పిలువు. మందు ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, తగ్గాక చాలామందికి మళ్లీ నెమ్మదిగా ఎక్కించగలుగుతారు. చేతిలో సూది ఉన్నచోట మంటగా ఉన్నా, వాచినా అంతే. పక్క మంచం పేషెంటుతో సిస్టర్ పనిలో ఉందని మొహమాటపడి ఊరుకోకు. మందు నరం బయటికి కారితే చర్మం దెబ్బతింటుంది. నరాలు దొరకడం కష్టమైతే చర్మం కింద అమర్చే పోర్ట్ పెట్టించుకోవడం గురించి అడుగు.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. అది డెక్సామెథాసోన్ పని. షుగర్ ఉన్నవాళ్లకి అదీ పెరుగుతుంది. నీకు లేదు కాబట్టి కంగారు పడకు.

రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల దాకా వికారం. మొదటి రోజు బాగానే ఉన్నావని ఇంటికొచ్చాక బిళ్లలు మానేస్తావేమో, జాగ్రత్త. వాంతి మొదలయ్యాక ఆపడం కష్టం, రాకుండా ఆపడం తేలిక. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో సిస్‌ప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్లు రాత్రంతా బేసిన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. 1990ల్లో ఒండాన్‌సెట్రాన్ వచ్చాక వార్డు రూపమే మారిపోయింది. ఇప్పుడు అప్రెపిటాంట్, ఓలాంజపిన్ కూడా ఉన్నాయి. ఒకటి పని చేయకపోతే ఇంకొకటి కలుపుతారు. "కీమో అంటే వాంతులు మామూలేగా" అనుకుని కక్కుతూ కూర్చునే రోజులు కావివి. ఒక రోజంతా నీళ్లు కూడా ఇమడకపోతే ఆసుపత్రికి వెళ్లిపో.

తాలింపు వాసన, పప్పు ఉడికే వాసన పడవు. ఆ నాలుగు రోజులూ వంటింటి వైపు వెళ్లకు, మీ అత్తగారికి నేనే ఫోన్ చేసి చెబుతాను. వేడివేడి కూరల కన్నా చల్లారిన తిండే నయం. ఇడ్లీ, పెరుగన్నం, రాగి జావ, ఉడికించిన గుడ్డు, ఏది సయిస్తే అది, కొంచెం కొంచెంగా గంట గంటకీ తిను. నోరు ఇనుములా అనిపిస్తే స్టీలు చెంచా మానేసి చెక్కదో ప్లాస్టిక్‌దో వాడు. ఈ సమయంలో పథ్యాలు వద్దు. గుడ్డు వేడి, పెరుగు జలుబు అని ఒక్కొక్కటే మాన్పించేవాళ్లు ఉంటారు. రక్తం మళ్లీ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి, కండ కరగకూడదు.

అవే రోజుల్లో కాళ్లూ, కీళ్లూ, నడుమూ విరిచేసినట్టు నొప్పులొస్తాయి. పాక్లిటాక్సెల్‌తో ఇది సర్వసాధారణం, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. దానికి ఏ బిళ్ల వేసుకోవాలో ముందే రాయించుకో.

ఇంకొకటి ఆడవాళ్లు నోరు విప్పి చెప్పనిది, మలబద్ధకం. వాంతులు ఆపే బిళ్లలు దీనికి ఒక పెద్ద కారణం. మూడో రోజుకీ విరేచనం కాకపోతే సిగ్గుపడకుండా అడుగు, సాఫీగా అయ్యే మందిస్తారు. నీ జబ్బులో దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు. పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులవుతుంటే పేగు మూసుకుపోయిందేమో చూడాలి. అప్పుడు ఇంట్లో ఆముదం తాగించడం ప్రమాదం, నేరుగా ఆసుపత్రికే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాల కౌంట్ బాగా పడిపోతుంది. అప్పుడు చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. మామూలుగా కనిపించే చీము, వాపు, దగ్గు లాంటివి కనిపించకపోవచ్చు, ఎందుకంటే వాటిని పుట్టించే కణాలే తగ్గిపోయి ఉంటాయి. ఇంట్లో థర్మామీటర్ పెట్టుకో. 100.4 చూపిస్తే, అర్ధరాత్రయినా, పండగ రోజయినా, బయల్దేరు. పారాసిటమాల్ వేసుకుని దుప్పటి కప్పుకుని "పొద్దున చూద్దాం" అనుకోకు. బిళ్లకి జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. గంటల్లో యాంటీబయాటిక్ పడాలి. ఆసుపత్రి ఎమర్జెన్సీలో చెప్పాల్సిన మాట కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో: "నేను కీమోలో ఉన్నాను, చివరి కీమో ఫలానా తేదీన, జ్వరం వచ్చింది." ఆ మాట వింటే నిన్ను వరసలో నిలబెట్టరు.

ఆ వారం పలకరింపులకి వచ్చేవాళ్లలో జలుబు, దగ్గు ఉన్నవాళ్లని గుమ్మం నుంచే పంపించెయ్యమని అల్లుడికి చెప్పు. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు. బయటి చట్నీలు, చెరుకు రసం, కోసి అమ్మే పళ్లు వద్దు. ఇంట్లో తొక్క తీసిన పళ్లు, బాగా ఉడికినవి తిను.

వచ్చినవాళ్లు ఊరికే రారు, తలా ఒక మందు చెబుతారు. కౌంట్‌కి బొప్పాయి ఆకు రసం, గోధుమగడ్డి రసం, క్యాన్సర్‌కి లక్ష్మణ ఫలం. ప్రేమతోనే చెబుతారు. కానీ కౌంట్ పడిపోయినప్పుడు పచ్చి రసాలు మంచివి కావు. లక్ష్మణ ఫలం, దాని ఆకుల కషాయం బాగా తీసుకునేవాళ్లలో ఒక రకం నరాల జబ్బు కనిపించిందని కరీబియన్ దీవి గ్వాడెలోప్‌లో డాక్టర్లు గమనించారు. నీకు ఇచ్చే పాక్లిటాక్సెల్ అసలే నరాల మీద పని చేసే మందు. ఏది తాగాలన్నా ముందు డాక్టరమ్మని అడుగు.

నోటిపూత కూడా ఆ రోజుల్లోనే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా వేసి రోజుకి నాలుగైదు సార్లు పుక్కిలించి ఉమ్మెయ్యి. మెత్తని బ్రష్ వాడు. ఆవకాయ కొన్నాళ్లు జాడీలోనే ఉండనీ.

రెండు మూడు వారాలకి జుట్టు. దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తుంది. కనుబొమలు కూడా పోవచ్చు. నీ జడంటే నీకెంత ఇష్టమో తెలుసు, ఏడుపొస్తే ఏడువు. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే ఆ రోజు కొంచెం తేలికవుతుంది. విగ్గు పెట్టుకుంటావో, చున్నీ కట్టుకుంటావో, అలాగే తిరుగుతావో నీ ఇష్టం. తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చిన ఆడవాళ్లకి దణ్ణం పెట్టే ఊరు, కీమోతో పోయిన జుట్టుని చూసి మొహం తిప్పుకుంటే తప్పు ఊరిదే. కీమో అయిపోయాక రెండు మూడు నెలల్లో మళ్లీ మొలుస్తుంది.

తిమ్మిర్ల గురించి మాత్రం కాస్త నెమ్మదిగా చదువు. వికారం, నొప్పులు వచ్చి పోతాయి. పాక్లిటాక్సెల్ వల్ల వేళ్ల చివర్లలో, అరికాళ్లలో మొదలయ్యే తిమ్మిరి మాత్రం ఒక్కో కీమోకి కొంచెం కొంచెం పేరుకుంటుంది. మా వార్డుకి వచ్చే ఒకావిడ ప్రతిసారీ "బాగానే ఉన్నానమ్మా" అని నవ్వేది. ఐదో కీమోకి వచ్చినప్పుడు సూది పెట్టడానికి చెయ్యి పట్టుకుంటే, జాకెట్టు హుక్కులు ఒకటి వదిలి ఒకటి ఉన్నాయి. పైట కింద పిన్నీసులు పెట్టుకుంది. అడిగితే అప్పుడు చెప్పింది, వేళ్లకి హుక్కు తెలియడం లేదని, చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియడం లేదని. చెబితే కీమో ఆపేస్తారేమోనని భయపడిందట. నిజానికి ముందే చెప్పి ఉంటే డాక్టర్లకి చాలా దారులుండేవి. మోతాదు తగ్గించొచ్చు, వారం వారం కొంచెం కొంచెం ఇవ్వొచ్చు, పాక్లిటాక్సెల్ బదులు డోసిటాక్సెల్ ఇవ్వొచ్చు. కానీ అప్పటికే ఆవిడ నరాలు బాగా దెబ్బతిన్నాయి. కీమో అయిపోయిన చాలాకాలానికి గానీ ఆవిడ వేసే ముగ్గులో సన్నని గీత పడలేదు.

ప్రతి కీమోకి ముందు ఇంట్లో మూడు పనులు చేసి చూసుకో. చొక్కా బొత్తాం పెట్టు, నేల మీద పడ్డ నాణెం తియ్యి, కళ్లు మూసుకుని నిలబడు. ఏదైనా పోయినసారి కన్నా కష్టంగా ఉంటే ఆ మాట డాక్టరమ్మకి చెప్పు. నరాల బిళ్లలని మందుల షాపులో నీ అంతట నువ్వు కొనుక్కోకు. స్నానం నీళ్ల వేడి వేళ్లతో చూడకుండా మోచేత్తో చూసుకో, లేదా వేరేవాళ్ల చేత చూపించు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకో.

ఆపరేషన్‌లో అండాశయాలు తీసేశాక ఒక్కసారిగా ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, అర్ధరాత్రి మెలకువ. నెలసరి ఆగిపోయే వయసులో మెల్లమెల్లగా వచ్చేదంతా నీకు ఒక్క వారంలో వస్తుంది. మనసు చికాకుగా, ఏడుపుగా ఉండటం కూడా అందులోదే. పేర్లు మర్చిపోతావు, పొయ్యి మీద పాలు మర్చిపోతావు. మతి పోతోందని బెంగపడకు, చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని రాసుకో. నాలుగు రోజులు వరసగా దేని మీదా ఆసక్తి లేకపోతే, బతకడమెందుకు అనిపిస్తే, దాన్ని కూడా జ్వరం చెప్పినట్టే చెప్పు. దానికీ మందుంది, మాట్లాడే డాక్టర్లున్నారు.

పాప నీ పక్కన పడుకోవచ్చు, నిన్ను ముద్దు పెట్టుకోవచ్చు. ఇది అంటుకునే జబ్బు కాదు. కీమో అయిన రెండు రోజులు మాత్రం మరుగుదొడ్డిలో నీళ్లు రెండుసార్లు వదులు, వాంతి శుభ్రం చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. అంతే.

డబ్బు గురించి కూడా చెప్పాలి. "ఈ చిన్న దానికి మళ్లీ ఆసుపత్రికెందుకు, ఖర్చు" అని నువ్వు దాచుకునే మనిషివి. దాచిన జ్వరమే చివరికి ఐసీయూ బిల్లవుతుంది. ఆరోగ్యశ్రీ కాగితాలు, రైల్లో క్యాన్సర్ రోగులకీ తోడు వెళ్లేవాళ్లకీ ఇచ్చే రాయితీ ఫారం, ఇవన్నీ అల్లుడు చూసుకుంటాడు. ఆ లెక్కలు నీవి కావు.

ఒక పుస్తకం కొని ప్రతి కీమోకి ఒక పేజీ కేటాయించు. ఏ రోజు ఏం వచ్చింది, ఎంతసేపుంది, ఏ బిళ్లకి తగ్గింది, అంతే రాయి. డాక్టరమ్మకి ఒక్కో పేషెంటుకి దొరికేది కొద్ది నిమిషాలే. "ఎలా ఉన్నావమ్మా" అని అడిగినప్పుడు "బాగానే ఉన్నానండి" అనే అలవాటు నోటికొచ్చేస్తుంది. ఆ మాట అనకముందే పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టు. రెండో కీమోకి మందులు నీకు తగ్గట్టు మార్చేది ఆ పేజీ చూసే.

ఈ ఉత్తరం చదివాక అల్లుడికి ఇచ్చి చదివించు. నీకు మాట్లాడే ఓపిక లేని రోజు కూడా వస్తుంది. ఆ రోజు నీ బదులు థర్మామీటర్ చూసేది, ఫోన్ చేసేది అతనే. నువ్వు "వద్దు, పొద్దున చూద్దాం" అన్నా వినొద్దని నా మాటగా అతనికి చెప్పు. నాకు మాత్రం రాత్రీ పగలూ చూడకుండా ఫోన్ చెయ్యి. మందు సంగతి ఆసుపత్రికి చెప్పు, మనసు సంగతి నాకు చెప్పు, రెండూ దాచకు.

అల్లుడికీ, పాపకీ నా ఆశీస్సులు. మీ అత్తగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ