నాలుగు దిర్హాములు

చిరంజీవి అబ్బాయికి,



పాత బాకీ తీర్చేదాకా ధాన్యం కాటా వేయనన్నావని నిన్న మన ఊరి రైతు ఒకాయన వచ్చి బాధపడ్డాడు. నీ మీద నాకు కోపం రాలేదు. మీ నాన్న పోయి ఏడాది తిరక్కుండానే మిల్లూ, దాని మీది అప్పులూ నీ నెత్తిన పడ్డాయి. కానీ ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి కదా, ఆ మాట వినగానే పర్షియాను ఏలిన సాసానీ వంశపు చివరి రాజు మూడో యజ్దగర్ద్ గుర్తొచ్చాడు.

అతనికీ గుల్లబారిన ఆస్తే దక్కింది. తాత రెండో ఖుస్రో 602లో బైజాంటియం మీద మొదలుపెట్టిన యుద్ధం 628 దాకా సాగి ఖజానానూ సైన్యాన్నీ తినేసింది. చివరికి కన్నకొడుకే తండ్రిని చంపించి, అన్నదమ్ములనూ మిగల్చలేదు. ఆపైన నాలుగేళ్లలో సింహాసనం ఎన్ని చేతులు మారిందో! 632లో, ఇంకా కుర్రవాడైన యజ్దగర్ద్‌ను దాని మీద కూర్చోబెట్టారు. అరబ్బు సేనలు 637లో రాజధాని టెసిఫాన్‌ను పట్టుకున్నాయి. 642లో నహావంద్ దగ్గర చివరి పెద్ద సైన్యమూ ఓడింది. ఇంతవరకూ అతన్ని నేను తప్పుపట్టను.

ఆ తర్వాతిదే నువ్వు వినాలి. తూర్పుకు పారిపోతూ కూడా అతను రాజులాగే వెళ్లాడు. వెంట యోధుల కన్నా వంటవాళ్లూ లేఖకులూ పరివారమే ఎక్కువట. కొండల నడుమ ఉన్న తబరిస్తాన్ ప్రభువు రమ్మని పిలిస్తే కాదన్నాడు. ఆ కొండలు మరో వందేళ్లకు పైగా ఎవరికీ లొంగలేదు. సీస్తాన్‌లో ఆశ్రయమిచ్చినవాడినే పన్ను బకాయిలు అడిగి దూరం చేసుకున్నాడు. మెర్వ్ అధిపతి మాహూయ్ దగ్గరా డబ్బు లెక్కలతోనే పేచీ వచ్చింది. మాహూయ్ ఎదురుతిరిగాడు. 651లో రాజు ఒంటరిగా ఒక పిండిమరలో తలదాచుకుని, అక్కడే హతుడయ్యాడు. చరిత్రకారుడు తబరీ చేర్చిన కథనాల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. మరవాడు నాలుగు దిర్హాములిస్తే చాలన్నాడు. రాజు దగ్గర చెవిపోగు ఉంది గానీ ఆ నాలుగు దిర్హాములు లేవు.

బకాయి అడిగే హక్కు అతనికి లేదా? ఉంది. కానీ నిలువ నీడ కోసం వెళ్లిన గుమ్మంలో ఆ హక్కు ఎత్తకూడదు. రైతు ధాన్యం తోలితేనే ఇవాళ నీ మిల్లు తిరుగుతుంది. అంటే ఆశ్రయం అడుగుతున్నది నువ్వు, ఇస్తున్నది అతను.

అందుకని నా మాట విను. పాత బాకీలు దాళ్వా పంట దాకా ఆపు. తీసుకున్న ధాన్యానికి కొంతైనా వెంటనే చేతిలో పెట్టు. కొత్త కారు అమ్మేసి ముందు హమాలీల కూలి తీర్చు. బ్యాంకు మేనేజరు దగ్గర ఏదీ దాచకుండా ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పు. రైతులకు కబురు పెట్టకు, నువ్వే వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చో. మీ నాన్న అలాగే కూర్చునేవాడు. ఆ మిల్లును నిలబెట్టింది అదే.

ఎల్లుండి పొద్దున్న కాటా తెరువు. నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

నీ మేలు కోరే
పెదనాన్న