బంగినపల్లి మామిడి – పేరు పుట్టిన విధము

వేసవి వచ్చినంతనే బ్రాడీపేట వీథులలో పండ్లబండ్లయొద్ద మొదట వినవచ్చు ప్రశ్న "ఇవి బంగినపల్లియేనా?" అనునదే. కొనువాడు రుచి చూచుటకు ముందే పేరడుగును. పేరునుబట్టియే ధర పలుకును. కావున ఆ పేరెట్లు వచ్చెనో, దానిని కాపాడుకొనుట యెట్లో రైతులు తెలిసికొనుట యావశ్యకమని మేము తలంచుచున్నాము.

బనగానపల్లె మొదట కర్నూలు జిల్లాలో నుండి, 2022లో నంద్యాల జిల్లాలో చేరినది. 1948 వఱకు అది నవాబులేలిన చిన్న సంస్థానమునకు ముఖ్యపట్టణము. ఆ తోటలలో పేరొందిన మామిడికి ఊరిపేరే నిలిచినది. జనుల నోట బనగానపల్లె "బంగినపల్లి" యైనది. ఈ పండునకే బేనిషాన్ అనియు పేరు కలదు. పారసీకమున "బే" యనగా లేని, "నిషాన్" అనగా గుర్తు. మచ్చలేని నునుపైన తొక్కగల పండని దాని కర్థము చెప్పుదురు.

పండ్ల పేర్లు పలువిధములుగా వచ్చును. బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి యనువానిలో ఊరిపేరున్నది. తోతాపురికి చిలుకముక్కువంటి కొన పేరు తెచ్చినది. చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము అనునవి గుణమును తెలుపును. మన గుంటూరు సన్నము మిరపకును ఆకారమే పేరైనది గదా!

అయితే మిరపకును మామిడికిని ఒక భేదము కలదు. మంచి పండు టెంక నాటినను తల్లిచెట్టు గుణమే వచ్చునను నమ్మకము లేదు. పరాగము వేఱొక చెట్టునుండి వచ్చుటయే కారణము. తల్లిచెట్టు కొమ్మను అంటుగట్టినప్పుడే ఆ గుణము తప్పక నిలుచును. అనగా బంగినపల్లి పేరు ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు అంటుకొమ్మవెంటనే నడచుచున్నది. కొమ్మ మాఱినచో పేరు వట్టిదగును.

ఇందే రైతునకు నష్టభయమున్నది. మొక్క చిన్నదిగా నున్నప్పుడు రకమును పోల్చుట కష్టము. నాలుగైదేండ్లు నీరుపోసి, కాపు వచ్చినపిదప వేఱురకమని తేలినచో ఆ కాలమును తిరిగి యిచ్చువా రెవరు?

కావున సభ్యులు ఈ క్రింది విషయములు పాటింపవలెను. తల్లిచెట్లను చూపగల నర్సరీయందే అంటులు కొనవలెను. రకము పేరు వ్రాసిన రసీదు తీసికొని భద్రపఱుపవలెను. అంటు అతుకునకు దిగువను మొలచు చిగుళ్లను ఎప్పటికప్పుడు త్రుంచివేయవలెను, అవి టెంకమొక్కవి. వానిని పెరుగనిచ్చినచో పైకొమ్మ అణగి, బంగినపల్లి స్థానమున పేరులేని చెట్టు మిగులును. పొరుగువారితో కలిసి ఒకేమాఱు కొన్నచో విచారణయు సులభమగును.

బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక సూచికగా ప్రభుత్వ నమోదు లభించినది. 1999 నాటి చట్టముననుసరించి, నమోదైన ప్రాంతపు రైతులు అధీకృత వినియోగదారులుగా చేరుటకు దరఖాస్తు చేసికొనవచ్చును. తమ యూరు ఆ ప్రాంతములో చేరునో లేదో ఉద్యానశాఖవారి నడిగి తెలిసికొనవలెను.

ఊరిపేరు పండునకు వచ్చుటకు ఎన్నో తరములు పట్టినది. కలగూరగంపగా వేఱురకములు చేర్చి ఒక్కబుట్ట అమ్మినను ఆ పేరునకు మచ్చ వచ్చును. మచ్చలేనిదను అర్థముగల పండును మచ్చలేకయే అమ్ముట మన ధర్మము, మన లాభమును.