పక్కింట్లో పదిహేను సిలిండర్లు ఉంటే

ప్రశ్న: మాది ఎల్లంతకుంట మండలం. మా ఇంటి గోడకు ఆనుకొని ఉన్న కిరాణం షాపులో పదిహేను దాకా గ్యాస్ సిలిండర్లు పెట్టి అమ్ముతున్నరు. అడిగితే "పంచాయతీ పర్మిషన్ ఉంది, అయినా అన్నీ ఖాళీవే" అంటున్నరు. మేం ఏం చేయాలె?

జవాబు: పంచాయతీ కిరాణా వ్యాపారానికి లైసెన్సు ఇవ్వగలదు, గ్యాస్ నిల్వకు మాత్రం ఇవ్వలేదు. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం, ఒకచోట ఉంచిన వంటగ్యాస్ 100 కిలోలు దాటితే కేంద్ర సంస్థ 'పెసో' లైసెన్సు ఉండాలి. ఇంటి సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. ఏడింటికి 99.4 అవుతుంది, ఎనిమిదోది తెచ్చిన రోజే నేరం మొదలు.

అలాగని ఏడు పెట్టుకొని అమ్ముకోవచ్చా? కుదరదు. 100 కిలోల సడలింపు నిల్వకే గాని అమ్మకానికి కాదు. ఆయిల్ కంపెనీ అనుమతి లేకుండా అమ్మినా, పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి గ్యాస్ మార్చినా 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వును ఉల్లంఘించినట్టే. నిత్యావసర సరుకుల చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. కంపెనీ అనుమతితో, బిల్లుతో అమ్మే 5 కిలోల సిలిండర్ సంగతి వేరు.

ఇక "ఖాళీవే" అన్న మాట. ప్రతి సిలిండర్ మీద దాని ఖాళీ బరువు రాసి ఉంటుంది. అధికారులు కాంటా పెడితే నిజం అక్కడే తేలుతుంది.

ఇది పక్కింటి వ్యవహారం, మనకెందుకని ఊరుకోవద్దు. వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం, గాలికంటే బరువైనది. లీకైతే నేలబారుగా పాకి మీ గడపలోకీ వస్తుంది. 1997 సెప్టెంబరులో విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన వంటగ్యాస్ అంటుకొని 60 మంది దాకా చనిపోయారు.

తహసీల్దారుకు, జిల్లా పౌర సరఫరాల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సోమవారం సిరిసిల్ల కలెక్టరేట్ ప్రజావాణిలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు ఫైలెక్కదు. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం కాగితాల జోలికి పోకుండా ముందు 1906కు ఫోన్ చేయండి. ఇంట్లోంచి కాదు, బయటికి వచ్చాక.

మీ సొంత కనెక్షన్ కాగితాలూ ఒకసారి తీసి చూసుకోండి. ప్రభుత్వ రంగ ఆయిల్ కంపెనీలు వినియోగదారుల కోసం బీమా తీసుకుంటాయి, దానికి మీరు పైసా కట్టనక్కర్లేదు. ప్రమాదంలో చనిపోతే మనిషికి 6 లక్షలు, చికిత్సకు మనిషికి 2 లక్షల దాకా వస్తాయి. ఇల్లు, సామాను నష్టానికి కూడా 2 లక్షల దాకా ఇస్తారు గాని, కనెక్షన్ నమోదైన ఇంటికే. చిక్కంతా ఇక్కడే. కొడుకు పేరున కరీంనగర్ అడ్రసుతో కనెక్షన్, సిలిండరేమో ఊళ్ళో అమ్మ వంటింట్లో! ఇట్లాంటి ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అడ్రసు మార్పించుకోండి. పెళ్లి వంటలకు వాడకట్టంతా తిరిగి సిలిండర్లు పోగుచేసే అలవాటుకూ ఇదే ఇబ్బంది. ఇంటి సిలిండర్ ఇంటి వంటకే.

ప్రమాదం జరిగితే వెంటనే డీలరుకు రాసి ఇవ్వాలి. బీమా కంపెనీకి కబురు ఆ దారిలోనే పోతుంది. పరిహారం ఎగ్గొడితే డీలరును, ఆయిల్ కంపెనీని, బీమా కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. గడువు రెండేళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.