వంటింట్లో ధమ్మం

మన కూర వాసన పక్కింటికి పోతుందేమోనని కిటికీ మూస్తున్నారా? తెరవండి. సుత్తనిపాతంలోని ఆమగంధ సుత్తం ఏం చెప్తోంది? దుర్గంధం మాంసం తినడంలో లేదు. హింసలో, దొంగతనంలో, అబద్ధంలో, మోసంలో ఉంది.

జొన్నరొట్టె, ఎండు రొయ్యలేసిన గోంగూర, పచ్చిపులుసు మన అమ్మల చేతి వంట. రుచికి రుచి, బలానికి బలం. సిగ్గెందుకు?

రుచిగా ఉందని మితం తప్పొద్దు. తిండిపోతైన కోసల రాజు పసేనదికి బుద్ధుడు చెప్పింది అదే: మితంగా తింటే బాధలు తగ్గుతాయి, ముసలితనం మెల్లగా వస్తుంది.

మరొక్క మాట. అందరూ తిన్నాక గిన్నెలో అడుగంటింది అమ్మ తింటుంటే, ఆ ఇంట్లో సమానత్వం ఉన్నట్టేనా? ఈ రాత్రి నుంచే కలిసి వండుదాం, కలిసి కూర్చుని తిందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!